డెంప్‌స్టర్ హైవే మీద ఆర్కిటిక్ దాకా: అరవై దాటిన విశాఖ దంపతుల ప్రశ్నలకు సమాధానం

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి, అల్లుడు కాల్గరీలో ఉన్నారు. ఆగస్టు ఆఖరి వారంలో మీ దంపతులు విశాఖ నుంచి వెళ్ళి, వాళ్ళతో కలిసి కెనడా వాయవ్యపు కొసనున్న యూకాన్‌లో కారు అద్దెకు తీసుకొని, డెంప్‌స్టర్ హైవే మీదుగా ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న టక్టోయాక్టక్ (క్లుప్తంగా టక్) అనే ఊరు చూసి రావాలనుకుంటున్నారు. యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో బయలుదేరి మళ్ళీ వైట్‌హార్స్ చేరడానికి ఐదు రోజులు పెట్టుకున్నారు. అరకు, పాడేరు ఘాట్ రోడ్ల మీద ఏళ్ళ తరబడి బండి నడిపిన చెయ్యి అక్కడ సరిపోతుందా, శాకాహారులైన మీకు ఆ ప్రయాణం వీలవుతుందా అని అడిగారు. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఎడ్మంటన్‌లో నేల పరీక్షలు, రోడ్డు కట్టల పనిలో చాలాకాలం ఉండి, ఇప్పుడు ఎం.వి.పి. కాలనీలో స్థిరపడినవాణ్ణి. ఆ దారిలో పని మీదా వెళ్ళాను, కుటుంబంతోనూ వెళ్ళాను.

ప్రయాణం వీలవుతుంది కానీ ఐదు రోజుల్లో వీలవదు. లెక్క చూడండి. వైట్‌హార్స్ నుంచి క్లాండైక్ హైవే మీద డెంప్‌స్టర్ మొదలయ్యే కూడలి సుమారు 490 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇనూవిక్ దాకా డెంప్‌స్టర్ పొడవు సుమారు 740. ఇనూవిక్ నుంచి టక్టోయాక్టక్‌కు 2017 నవంబరులో తెరిచిన కొత్త రోడ్డు ఇంకో 138. అంటే ఒక వైపే దాదాపు 1,370 కిలోమీటర్లు. ఇందులో కూడలి దాటాక వచ్చేదంతా, మొదట్లోనూ ఇనూవిక్ దగ్గరా కొద్ది దూరం తప్ప, కంకర రోడ్డే. ఆ కంకర మీద సగటున గంటకు అరవై దాటి లెక్క వేసుకోకూడదు. ఐదు రోజుల్లో పోయి రావాలంటే రోజూ తెల్లవారిన దగ్గర నుంచి పొద్దుపోయేదాకా స్టీరింగ్ పట్టుకొని కూర్చోవడమే తప్ప బండి దిగి చూసేది ఏమీ ఉండదు. సముద్రం దాకా వెళ్ళాలనుకుంటే వైట్‌హార్స్ నుంచి వైట్‌హార్స్‌కు తొమ్మిది పది రోజులు పెట్టుకోండి. సెలవు అంత దొరకకపోతే ఆర్కిటిక్ వృత్తం దగ్గర వెనక్కి తిరగండి. అలా తిరిగి వచ్చినవాళ్ళు ఈ దారిలోని అందంలో పెద్ద వాటా చూసినట్టేనని నా అభిప్రాయం, ఎందుకో కింద చెప్తాను. రామకృష్ణా బీచ్ ఎదురుగా పుట్టి పెరిగినవాళ్ళు సముద్రం చేరడం ఒక్కటే గురిగా పెట్టుకొని, దారిలోని కొండలను అద్దంలోంచి చూస్తూ పరుగెత్తడం నాకు సబబుగా తోచదు.

ఇక ఘాట్ రోడ్డు అనుభవం సంగతి. అనంతగిరి మలుపుల్లో నేర్చుకున్న ఓర్పు ఇక్కడా పనికొస్తుంది, నేర్పు మాత్రం అంతగా పనికిరాదు. డెంప్‌స్టర్‌లో హెయిర్‌పిన్ మలుపులు లేవు, ఎత్తూ పెద్దగా లేదు. దారి మొత్తంలో అత్యంత ఎత్తైన నార్త్ ఫోర్క్ కనుమ సుమారు 1,300 మీటర్లు, అంటే మన లంబసింగి కంటే కొద్దిగా ఎక్కువ. కనుక లడఖ్‌లో లాగా ఊపిరి అందదేమోనని మీరు పడుతున్న భయం అక్కరలేదు. ఇక్కడి ప్రమాదమంతా కంకరలోనూ, కట్ట అంచులోనూ, వేగంలోనూ ఉంది. అది అర్థం కావాలంటే ఆ రోడ్డు ఎలా కట్టారో కొంచెం తెలియాలి.

ఆ ప్రాంతంలో నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది, దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైనున్న పలుచని పొర మాత్రం కరిగి బురదవుతుంది. ఆ పొర మీద పెరిగే నాచు, కుళ్ళిన ఆకు అలములే కింది మంచును ఎండ వేడి నుంచి కాపాడే కప్పు. మన ఏజెన్సీలో రోడ్డు వేసేటప్పుడు ముందు పైమట్టి గీకి, కొండను ఒకవైపు తవ్వి ఆ మట్టిని రెండో వైపు నింపుతాము. అక్కడ అదే పని చేస్తే కప్పు తీసేసినట్టవుతుంది. కింది మంచు కరుగుతుంది, రోడ్డు కుంగుతుంది. అందుచేత నాచు పొరను కదపకుండా, దాని మీదే సుమారు 1.2 నుంచి 2.4 మీటర్ల మందాన కంకర పోసి కట్ట కట్టారు. పని 1959లో మొదలై, మధ్యలో ఏళ్ళ తరబడి ఆగి, 1979 ఆగస్టులో గాని రోడ్డు తెరవలేదు. ఇనూవిక్ నుంచి టక్ దాకా ఉన్న కొత్త రోడ్డు కోసం ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. నేల గట్టిగా గడ్డకట్టి ఉండే చలికాలాల్లోనే కట్ట పని ప్రధానంగా సాగించి, నేలకూ కంకరకూ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచారు. ఎక్కడా నేలను తవ్వకుండా అంతా నింపుడు మీదే నడిపించారు.

దీనివల్ల బండి నడిపేవారికి మూడు సంగతులు ఎదురవుతాయి. రోడ్డు చుట్టుపక్కల నేల కంటే ఎత్తున, రెండు వైపులా ఏటవాలుగా ఉంటుంది. అంచు మెత్తన, పక్కన అడ్డుగోడ ఉండదు. ఎదురు బండికి దారి ఇవ్వాలని అంచు దాకా జరిగితే చక్రం దిగబడి బండి పక్కకు ఒరిగిపోతుంది. రెండవది, తారు వేయకపోవడం పూర్తిగా నిర్లక్ష్యం కాదు. నల్లటి తారు ఎండను పీల్చుకుంటుంది, కట్ట కుంగినప్పుడల్లా పగులుతుంది. కంకర అయితే గ్రేడర్‌తో చదును చేస్తే చాలు. మూడవది, కల్వర్టులు ఉన్నచోట, కట్ట పాదం దగ్గర నీరు నిలిచినచోట కింది మంచు కరిగి రోడ్డు అడ్డంగా పల్లం పడుతుంది. దూరం నుంచి అది కనిపించదు. మీ కుడి పక్కన కట్ట కింద నీటి మడుగు గాని, తలా ఒక దిక్కుకు ఒరిగిన సన్నని స్ప్రూస్ చెట్లు గాని కనిపిస్తే ముందు పల్లం ఉండవచ్చునని అనుకొని వేగం తగ్గించండి. బోర్డు ఉంటుందని ఎదురుచూడకండి.

దుమ్ము లేవకుండా, కంకర పట్టు వదలకుండా ఉండడానికి ఆ రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. ఎండగా ఉన్నప్పుడు దానివల్ల రోడ్డు గట్టిగా, సుఖంగా ఉంటుంది. వాన పడిందంటే సబ్బు నీళ్ళు పోసిన మొజాయిక్ గచ్చే. అప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకూడదు, క్రూయిజ్ కంట్రోల్ ముట్టుకోకూడదు. ఆ బురద చక్రాల రిమ్ము లోపల పేరుకొని ఆరిపోతే, మళ్ళీ వేగం అందుకోగానే బండి గడగడ వణుకుతుంది. అలైన్‌మెంట్ పోయిందని కంగారు పడకుండా, కర్రతో లోపలి బురద గీకి పారేస్తే చాలావరకు సరిపోతుంది. హెడ్‌లైట్లూ వెనక లైట్లూ కూడా ఆగినప్పుడల్లా తుడవండి. బురద కప్పేసిన లైటు వెలిగినా వెలగనట్టే.

ఎదురుగా లారీ వస్తే ఏం చేయాలో మీ అల్లుడికి గట్టిగా చెప్పండి. ఇనూవిక్‌కు సరుకులు, ఇంధనం ఈ దారినే వెళ్తాయి, పెద్ద లారీలు బరువుతో, వేగంతో వస్తాయి. దూరాన దుమ్ము కనపడగానే వేగం బాగా తగ్గించి, కుడి పక్కకు కొద్దిగా జరిగి, అది దాటిపోయి దుమ్ము అణిగేదాకా నెమ్మదిగా ఉండాలి. రాళ్ళు ఎగిరి ముందు అద్దం మీద పడతాయి. మీ వేగం తగ్గితే దెబ్బ బలమూ తగ్గుతుంది. ఆ అద్దం మీద చిన్న మచ్చ కూడా పడకుండా తిరిగి వచ్చిన బండిని నేను అరుదుగా చూశాను. కొన్ని చోట్ల రోడ్డే వెడల్పై అత్యవసర విమానాలు దిగే పట్టీగా పనికొస్తుంది. విశాలంగా ఉంది కదా అని అక్కడ ఆగి ఫోటోలు తీసుకోకండి.

టైర్ల గురించి నేను కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ యాత్ర సాగడమూ ఆగడమూ దాని మీదే ఉంటుంది. ఆ దారిలో పరిచిన రాయి చాలాచోట్ల షేల్ జాతిది. అది గుండ్రంగా అరగదు, పలకలుగా విరుగుతుంది, అంచు పదునుగా ఉంటుంది. కాబట్టి అక్కడ పంక్చర్ అంటే మేకు దిగడం కాదు, టైరు పక్క గోడ చీలడం. దానికి ప్యాచ్ పనిచేయదు. కార్లకు వచ్చే మామూలు టైర్లు కాకుండా, ట్రక్కులకు వేసే పది ప్లై (పది పొరలంత బలమున్న) రకం టైర్లున్న పికప్ గాని పెద్ద ఎస్.యు.వి. గాని తీసుకోండి. పూర్తి సైజు స్టెప్నీలు రెండు ఉండాలి. కొన్ని బండ్లకు ఇచ్చే సన్నని తాత్కాలిక స్టెప్నీ ఈ దారిలో లెక్కకు రాదు. జాకీ కింద పెట్టడానికి అడుగు చదరపు మందపాటి ప్లైవుడ్ ముక్క వెంట పెట్టుకోండి, లేకపోతే జాకీ కంకరలోకి దిగిపోతుందే తప్ప బండిని లేపదు. పికప్ బండ్లలో స్టెప్నీ వెనక అడుగున తీగతో వేలాడుతూ ఉంటుంది. ఒక పొడవాటి కడ్డీని బంపరులోని రంధ్రంలో దూర్చి తిప్పితే కిందికి దిగుతుంది. ఆ రంధ్రం బురదతో నిండిపోయినప్పుడు, వానలో, కొత్త బండితో ఆ విద్య నేర్చుకోవడం కష్టం. బండి తీసుకున్న రోజే వైట్‌హార్స్‌లో హోటలు ముందు ఒకసారి స్టెప్నీ దించి, చక్రం విప్పి మళ్ళీ బిగించి చూడండి. పానా నట్లకు సరిపోయిందో లేదో, నట్లకు తాళం రకం ఉంటే దాని తాళంచెవి బండిలో ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

పెట్రోలు లెక్క సులువు గాని తప్పకూడనిది. డాసన్ సిటీ నుంచి ఈగిల్ ప్లెయిన్స్ అనే మజిలీ దాకా సుమారు 410 కిలోమీటర్లు. విశాఖలో బయలుదేరి విజయవాడ దాటి ఇంకా ముందుకు పోయేంత దూరం. మన దారిలో అయితే అనకాపల్లి, తుని, రాజమండ్రి, ఏలూరు అంటూ అరగంటకొక బంకూ టిఫిను హోటలూ తగులుతాయి. అక్కడ ఈ మధ్యలో ఊరు లేదు, బంకు లేదు, ఫోను సిగ్నలు లేదు. డెంప్‌స్టర్ కూడలి దగ్గర ఇంధనం దొరకవచ్చు గాని దాన్ని నమ్ముకోకుండా, కూడలి దాటి మరో 40 కిలోమీటర్లు డాసన్‌కు వెళ్ళి, రాత్రి అక్కడ ఉండి, ట్యాంకు నింపుకొని వెనక్కి రండి. అదనంగా ఒక క్యాన్ పెట్రోలు ఉంచుకోండి. ఈగిల్ ప్లెయిన్స్ తరువాత ఫోర్ట్ మెక్‌ఫర్సన్ సుమారు 180, అక్కడి నుంచి ఇనూవిక్ ఇంచుమించు అంతే. ప్రతి బంకు దగ్గరా, అవసరం ఉన్నా లేకున్నా, నింపుకోవడమే పద్ధతి. శాటిలైట్ ద్వారా సందేశం పంపే చిన్న పరికరం ఒకటి అద్దెకు తీసుకోండి. మీ వయసువాళ్ళు ఉన్న బండికి అది విలాసం కాదు.

ఇప్పుడు దారి గురించి. మొదటి యాభై కిలోమీటర్లు స్ప్రూస్ అడవి, ఫరవాలేదు అనిపించేంతే. ఆ తరువాత చెట్లు పొట్టిగా, పలుచగా మారి, టూమ్‌స్టోన్ ప్రాదేశిక పార్కు మొదలవుతుంది. ఆ నేల ట్రోండెక్ హ్వెచిన్ అనే ఆదివాసుల సంప్రదాయ భూమి, పార్కు నిర్వహణలో వాళ్ళూ భాగస్వాములే. 71వ కిలోమీటరు దగ్గర సందర్శకుల కేంద్రం, పక్కనే టెంట్లు వేసుకొనే మైదానం ఉన్నాయి. ఇక్కడ రెండు రాత్రులు ఉండమని నా సలహా. మరో రెండు మూడు కిలోమీటర్లు ముందుకు పోతే, లోయ పొడవునా చూపు సాగి, ఆ చివర నల్లటి గ్రానైటు శిఖరాలు కోసుగా నిలబడి కనిపించే చోటు వస్తుంది. ఆగస్టు ఆఖరుకు మోకాలెత్తు కూడా లేని బర్చ్ పొదలు ఎర్రగా, విల్లో పొదలు పసుపుగా, నేలను పాకే బేర్‌బెర్రీ ఆకు కుంకుమ రంగుగా మారతాయి. వంగి చూస్తే ఈ ఎరుపు మధ్య బూడిద తెలుపు లైకెన్, దానిలో నీలపు బెర్రీ కాయలు, అన్నీ జానెడు ఎత్తులోనే. పైనుంచి చూస్తే కొండంతా తివాచీగా కనిపించేది దగ్గరికి పోతే ఒక చిన్న అడవి. అడుగు వేస్తే పాదం చీలమండ దాకా దిగి మళ్ళీ లేస్తుంది, మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ నడక తేలిక కాదు. కేంద్రం దగ్గర కాలిబాటలు ఉన్నాయి, వాటి మీదే నడవండి.

నార్త్ ఫోర్క్ కనుమ దాటాక ఒక విశేషం. కనుమకు ఇవతల నీరు క్లాండైక్, యూకాన్ నదుల ద్వారా బేరింగ్ సముద్రానికి పోతుంది. అవతల బ్లాక్‌స్టోన్ నది నీరు పీల్, మెకెంజీ నదుల్లో కలిసి ఆర్కిటిక్‌కు చేరుతుంది. ఇక్కడి నుంచి మీరు నీటితో పాటే ఉత్తరానికి పోతున్నట్టు. బ్లాక్‌స్టోన్ మైదానం తరువాత ఓగిల్వీ కొండలు వస్తాయి. ఇవి టూమ్‌స్టోన్ శిఖరాల్లాంటివి కావు. మంచుయుగపు హిమానీనదాలు ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని కప్పలేదు కనుక కొండలు నున్నగా గుండ్రబడి, సున్నపురాయి పలుకులు జారి పడిన బూడిద రంగు వాలులతో ఉంటాయి. ఒకచోట వాగు నీరు ఇనుము వల్ల తుప్పు రంగులో పారుతూ, గంధకపు వాసన వేస్తుంది. ఇంజినీర్ క్రీక్ పక్కన తెల్లటి డాల్ గొర్రెలు కొండ చరియల మీద చుక్కల్లా కనిపించవచ్చు. దుర్భిణి మరచిపోకండి. ఆ దారిలో కెమెరా కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. ఓగిల్వీ నదిని విడిచి పెద్ద ఎక్కుడు ఎక్కాక 259వ కిలోమీటరు దగ్గర ఆగి వెనక్కి చూడండి.

ఈగిల్ ప్లెయిన్స్ అంటే ఊరు కాదు. 369వ కిలోమీటరు దగ్గర ఒక హోటలు, ఒక బంకు, టైర్లు బాగుచేసే షెడ్డు, అంతే. ఇక్కడ టైర్లన్నీ ఒకసారి చూపించండి. 405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వృత్తం బోర్డు ఉంటుంది. ఫోటో తీసుకోండి. అసలు చూడవలసినది దాని ఎదురుగా ఉన్న రిచర్డ్‌సన్ కొండల బారు. సమయం తక్కువైతే 465వ కిలోమీటరు దగ్గర యూకాన్‌కూ పక్క ప్రాంతమైన నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కూ మధ్యనున్న సరిహద్దు దాకా ఆ కొండల్లో తిరిగి, ఈగిల్ ప్లెయిన్స్‌కు వచ్చేయండి. అక్కడి వరకు చెట్టు లేని కొండలు, ఎటు చూసినా మనిషి జాడ లేని నేల. అవతల మెకెంజీ పల్లపు నేలల్లోకి దిగాక దారి ఎక్కువగా పొట్టి స్ప్రూస్ అడవిలో తిన్నగా పోతుంది, చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. నేను మొదట అన్న మాటకు కారణం ఇదే.

ముందుకు పోయేవారికి రెండు నదులు అడ్డం వస్తాయి. ఫోర్ట్ మెక్‌ఫర్సన్ దగ్గర పీల్, సీగెచిక్ దగ్గర మెకెంజీ. వంతెనలు లేవు, రెండుచోట్లా ప్రభుత్వ పంటు బండ్లను ఉచితంగా దాటిస్తుంది. కోనసీమలో పంటు ఎక్కినవారికి కొత్త ఏమీ లేదు, పొలాల బదులు మంచు కరిగిన బురద నీళ్ళు. చలికాలంలో నది గడ్డకట్టాక ఆ మంచు మీదే దారి వేస్తారు. మంచు కట్టే వారాలలోనూ విరిగే వారాలలోనూ రాకపోకలు పూర్తిగా ఆగిపోతాయి. మీరు వెళ్ళే కాలంలో ఆ బాధ లేదు గాని, పీల్ నదికి పైన వానలు పడి వరద వస్తే పంటు ఒకటి రెండు రోజులు ఆపేస్తారు. అందుకే పోయేటప్పుడొక రోజు, వచ్చేటప్పుడొక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. యూకాన్ సరిహద్దు దాటగానే వేసవిలో గడియారం గంట ముందుకు జరుగుతుంది. పంటు రాత్రంతా నడవదు కనుక ఆ గంట లెక్కలో ఉండాలి. రోడ్డు తెరిచి ఉందో లేదో, పంటు నడుస్తుందో లేదో డాసన్‌లోని నార్త్‌వెస్ట్ టెరిటరీస్ సందర్శకుల కేంద్రంలో బయలుదేరే రోజు ఉదయమే అడగండి.

ఖాళీ రోజుల గురించి నేను పట్టుబట్టడం చూసి మీ అల్లుడు నవ్వితే, ఈ రోడ్డు పేరు వెనకున్న కథ చెప్పండి. 1910 డిసెంబరులో ఫిట్జెరాల్డ్ అనే పోలీసు ఇన్‌స్పెక్టరు ముగ్గురితో కలిసి కుక్కల బండ్ల మీద ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు బయలుదేరాడు. అంతకుముందు ఆ దారిలో వెళ్ళినవాళ్ళకంటే తొందరగా చేరాలని తిండి సామాను తగ్గించుకున్నాడు. దారి తెలిసిన గ్విచిన్ అనే ఆదివాసి తెగ మనిషిని కొద్ది రోజులు పెట్టుకొని పంపేశాడు. మలుపు తిరగవలసిన వాగు దొరకక రోజుల తరబడి వెతికి, వెనక్కి మళ్ళి, నలుగురూ 1911 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆఖరి ఇద్దరు బయలుదేరిన చోటికి ఇంకా నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. వాళ్ళను వెతుకుతూ డాసన్ నుంచి వెళ్ళి ఆ శవాలను కనుగొన్నవాడే డెంప్‌స్టర్. నలుగురి సమాధులూ ఫోర్ట్ మెక్‌ఫర్సన్ చర్చి ఆవరణలో ఉన్నాయి. పంటు కోసం ఆగవలసి వస్తే వెళ్ళి చూడవచ్చు.

ఇనూవిక్ చిన్న పట్టణం, జనాభా మూడు వేల పైచిలుకు. మెకెంజీ డెల్టాలోని అక్లావిక్ వరదలతో మునుగుతుండడంతో దానికి బదులుగా 1950లలో ప్రణాళిక వేసి కట్టిన ఊరు ఇది. ఇళ్ళన్నీ భూమిలోకి దించిన స్తంభాల మీద నిలబడి ఉంటాయి, ఇంటి వేడి కింది మంచుకు తగలకూడదని. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు కూడా నేల మీదే రేకు పెట్టెల్లో పోతాయి. మంచు ఇంటి ఆకారంలో కట్టిన చర్చినీ, ఒకప్పటి ఐస్ హాకీ మందిరంలో నడుపుతున్న కూరగాయల గ్రీన్‌హౌసునూ చూడండి. అక్కడి నుంచి టక్ దాకా చెట్లు అంతరించి, వందల సరస్సుల మధ్య రోడ్డు పోతుంది. టక్ పరిసరాల్లో నేలలోంచి మంచు గడ్డ ఉబ్బి లేచిన పింగోలనే గుట్టలు సుమారు 1,350 ఉన్నాయి. వాటిలో ఇబ్యుక్ 49 మీటర్ల ఎత్తున కెనడాలో అతి పెద్దది, ఇంకా ఏటా రెండు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతోంది. వాటి మీదికి ఎక్కకండి, పైనున్న మట్టి పొర తొలిగితే లోపలి మంచు కరుగుతుంది. సముద్రం బూడిద రంగులో, మెకెంజీ తెచ్చిపడేసిన దుంగలతో ఉంటుంది. టక్ ఇనూవియాలుయిట్ ప్రజలు కాపురముండే ఊరు. ఇళ్ళ ముందు ఎండబెట్టిన చేపలనూ మనుషులనూ అడగకుండా ఫోటో తీయడం మర్యాద కాదు.

మీరు ఎంచుకున్న కాలం మంచిదే. జూన్, జూలైలలో అయితే ఇనూవిక్‌లో సూర్యుడు వారాల తరబడి అస్తమించడు గాని దోమలు మనిషిని నిలవనీయవు. ఆగస్టు ఆఖరుకు దోమలు బాగా తగ్గుతాయి, రంగులు వస్తాయి, అర్ధరాత్రి వేళ ఆకాశం నల్లబడి అరోరా అనే ధ్రువకాంతి కనపడే అవకాశం మొదలవుతుంది. అయితే రాత్రి సున్నాకు దిగవచ్చు, టూమ్‌స్టోన్‌లో మంచు పడినా ఆశ్చర్యం లేదు. లంబసింగికి కొన్న స్వెటర్లు సరిపోవు. గాలి, వాన ఆపే పై కోటు, లోపల ఉన్ని బట్టలు, చెవులు కప్పే టోపీ కొనండి.

తిండి గురించి మీరు పడుతున్న బెంగకు మందు వంట సామానే. ఈగిల్ ప్లెయిన్స్‌లో మీకు బంగాళాదుంప వేపుడు, బ్రెడ్డు తప్ప ఎక్కువ దొరకకపోవచ్చు. ఇనూవిక్‌లో సరుకులు దొరుకుతాయి గాని ధర చాలా ఎక్కువ. సన్న బియ్యం, కందిపప్పు, ఉప్మా రవ్వ, పొడులు కాల్గరీ భారతీయ దుకాణాల్లోనే కొనండి. చిన్న గ్యాస్ పొయ్యి వైట్‌హార్స్‌లో కొనుక్కోవాలి, దాని డబ్బాలను విమానంలో అనుమతించరు. అది గ్రిజ్లీ ఎలుగుల దేశం కనుక వాసన వచ్చేది ఏదీ టెంటులో ఉండకూడదు. ఆవకాయ సీసా, నెయ్యి, టూత్‌పేస్టు, అంట్లు, అన్నీ రాత్రి బండిలోనో ఎలుగు తెరవలేని ఇనుప పెట్టెలోనో పెట్టాలి. ఎలుగు స్ప్రే కూడా అక్కడే కొనాలి, విమానం ఎక్కనీయరు. దాన్ని సంచి అడుగున పెడితే లాభం లేదు, నడిచేటప్పుడు నడుముకు ఉండాలి. రోడ్డు పక్కన ఎలుగు కనపడితే బండి దిగకండి, అద్దం దించి తిండి చూపకండి. మందులు రెండింతలు తీసుకెళ్ళండి, ఇన్సులిన్ వాడేవారు రాత్రి అది గడ్డకట్టకుండా దుప్పట్లో పెట్టుకోవాలి. డాసన్‌లోనూ ఇనూవిక్‌లోనూ ఆసుపత్రులు ఉన్నాయి, ఆ మధ్యలో విమానంలో తరలించవలసి వస్తే ఖర్చు తలకు మించుతుంది. కాబట్టి మీ ప్రయాణ బీమాలో ఆ తరలింపు ఉందని కాగితం మీద చూసుకోండి. టెంటు మైదానాల్లో గుంట మరుగుదొడ్లు మాత్రమే ఉంటాయని మీ శ్రీమతికి ముందే చెప్పడం మంచిది.

చివరగా బండి, బుకింగులు. అద్దె సంస్థలలో చాలావాటి ఒప్పందం కంకర రోడ్డును నిషేధిస్తుంది. కౌంటరులో ఉన్నవాళ్ళు ఫరవాలేదన్న నోటిమాట బీమా దగ్గర చెల్లదు. డెంప్‌స్టర్ పేరు రాసి అనుమతి ఇచ్చే సంస్థ నుంచే, ముందు అద్దానికీ టైర్లకూ విడిగా బీమా కట్టి తీసుకోండి. కాల్గరీ నుంచి సొంత కారులో వెళ్ళాలనే ఆలోచన మానుకోండి, వైట్‌హార్స్ చేరడానికే సుమారు 2,300 కిలోమీటర్లు. వైట్‌హార్స్‌కు విమానంలో వెళ్ళడమే మేలు. హోటలు బుక్ చేసేటప్పుడు డాసన్ సిటీ, డాసన్ క్రీక్ వేరు వేరు ఊళ్ళని గుర్తుంచుకోండి. రెండవది బ్రిటిష్ కొలంబియాలో, అలాస్కా హైవే మొదలయ్యే చోట ఉంది, రెంటి మధ్యా 1,900 కిలోమీటర్లకు పైనే. స్టీరింగ్ మీ అల్లుడి చేతిలోనే ఉంచి, మీరు కుడి పక్క సీటులో కూర్చొని ముందు దారిలోని పల్లాలు చూసి చెప్పండి. రోడ్డుకు కుడి వైపున నడపడం మీకు కొత్త కనుక, కంకర మీద అది నేర్చుకోవడం తగదు. ఈగిల్ ప్లెయిన్స్ హోటలులో గదులు తక్కువ, ఆగస్టుకు ముందే నిండిపోతాయి. అక్కడ గది దొరికిన తేదీని బట్టే తక్కిన తేదీలన్నీ వేసుకోండి.